నాన్న సెట్ చేసిన మౌస్

పొద్దున్నే కంప్యూటర్ గేమ్ సెంటర్ తలుపు తీసి, రాత్రి వాడిన మౌస్‌లన్నీ తడిగుడ్డతో తుడవడం హేసోల్ పని. ఎవరూ చెప్పిన పని కాదు. చిన్నప్పుడు సరదాగా మొదలుపెట్టింది, పందొమ్మిదేళ్ళు వచ్చినా వదల్లేదు. ఏ మౌస్ పట్టుకున్నా రాత్రి దాన్ని వాడిన మనిషి అంతో ఇంతో తెలిసిపోతాడు. జిడ్డంతా ఎడమ బటన్ మీదే పేరుకుంటే ఓడిపోతూ కసిగా నొక్కినవాడు. చక్రం సందుల్లో చిప్స్ పొడి ఉంటే ఆటకన్నా తిండి మీద ధ్యాస ఉన్నవాడు. అసలు మురికే లేకపోతే ఇంట్లో ఉండలేక వచ్చి, ఏమీ ఆడకుండా కూర్చుని పోయినవాడు.

కొరియాలో జిన్జు ఊరి హైస్కూలు ఎదురు సందులో కింద మందుల షాపు, మధ్య అంతస్తులో సెంటర్, పైన వాళ్ళ ఇల్లు. మేడ మీద అమ్మ మిజుంగ్ కిమ్చి పచ్చడి కోసం క్యాబేజీలు ఉప్పులో ఊరవేస్తున్నట్టుంది, బేసిన్లు నేలకు తగిలే చప్పుడు వినిపిస్తోంది.

తుడవడం అయ్యాక హేసోల్ కిటికీ పక్క తన సీట్లో కూర్చుంది. అక్కడ తన సొంత మౌస్ ఉంది. తెల్లగా, గుడ్డు పెంకులా తేలిగ్గా, చవకగా దొరికేది. వేసవి చివర్లో పాత మౌస్ చక్రం విరిగిపోతే నాన్న ఇచ్చాడు.

ఆ ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. సెంటర్‌కి కొత్త మౌస్‌లు కొనాల్సి వచ్చినప్పుడల్లా నాన్న దోంగ్‌పిల్ డీలర్ దగ్గర నమూనా తెచ్చి, సెట్టింగులన్నీ తనే సరిచేసి కూతురి చేతిలో పెడతాడు. ఆమె కొన్నాళ్ళు ఆడి చూస్తుంది. "ఎలా ఉంది?" అని నాన్న రోజూ అడుగుతాడు, పులుసులో ఉప్పు సరిపోయిందా అని అడిగినట్టు. పెట్టిన డబ్బుకి తగిన మౌస్ అవునా కాదా అన్నది ఆమె తేల్చాలి. "మా అమ్మాయి చెయ్యి ఊఁ అంటేనే నా చెయ్యి సంతకం పెడుతుంది" అని ఆయన డీలర్ దగ్గర గొప్పలు పోయేవాడు.

ఈ తెల్ల మౌస్ గురించి మాత్రం హేసోల్ ఇంకా ఏ తీర్పూ చెప్పలేదు. నాన్న కూడా అడగలేదు.

ఆయన ఎందుకు అడగడం లేదో తనకి తెలుసనే అనుకుంది. కిందటి నెల బూసాన్ నగరంలో కంప్యూటర్ ఆటల టీమ్ ఒకటి నడిపేవాళ్ళు కొత్త ఆటగాళ్ళను ఎంచుకోవడానికి పరీక్ష పెట్టారు. ఎవరి మౌస్ వాళ్ళే తెచ్చుకోవాలి, అది అక్కడి పద్ధతి. హేసోల్ ఈ తెల్ల మౌస్ తీసుకెళ్ళింది. ఆట అయ్యాక కోచ్ ఆమె తెర వైపు చూస్తూ అన్నాడు: "నీ కన్ను అందరికన్నా ముందే చూస్తోందమ్మా. చెయ్యే వెనకపడుతోంది. ఆట నేర్పగలం కానీ చేతికి వేగం నేర్పలేం." తర్వాత, మర్యాద కోసం అన్నట్టు, "వచ్చే నెలాఖరు శనివారం ఆఖరి విడత ఉంది. మనసైతే రా" అన్నాడు.

ఆ రోజు నుంచీ ఆమె తన కుడిచేతిని పరాయివాళ్ళ చేతిలా గమనించడం మొదలుపెట్టింది. అన్నం తినేటప్పుడు, జడ వేసుకునేటప్పుడు, మెట్ల కమ్మీ పట్టుకునేటప్పుడు. ఇది ఎప్పుడూ ఇంత నెమ్మదేనా? ఇన్నాళ్ళూ నాన్న పొగుడుతుంటే నమ్మానా? మౌస్ ఎలా ఉందో చెయ్యి చెప్పాలి. ఆ చెయ్యే మంచిది కాకపోతే? తక్కెడే తప్పయితే ఇంక దేన్ని తూచేది? అందుకే తీర్పు చెప్పలేదు. ఆ సంగతి నాన్నకి అర్థమైందని, తనని నొప్పించడం ఇష్టం లేకే నోరు మెదపడం లేదని అనుకుంది. ఆయన మౌనాన్ని కూడా ప్రేమగానే లెక్కేసుకుంది.

తలుపు తోసుకుని కిల్సు వచ్చాడు. ముప్పై దాటాయి. ఒకప్పుడు సియోల్‌లో ఒక టీమ్‌లో ఆడేవాడు. ఇప్పుడు స్కూటర్ మీద పార్సిళ్ళు ఇస్తాడు. పని మధ్యలో ఇక్కడికొచ్చి నూడుల్స్ తిని పోతాడు. మణికట్టుకి ఎప్పుడూ పట్టీ ఉంటుంది.

"ఏం చెల్లాయ్, కాబోయే నర్సమ్మా! మందుల వాసన అలవాటు చేసుకోవాలంటే కింద షాపులో కూర్చోవాలి గానీ ఇక్కడేం పని?"

"నీ స్కూటర్ పెట్రోలు వాసన పీలుస్తుంటే మందుల వాసన ఓ లెక్కా అన్నా?"

"అబ్బో! చెయ్యి నెమ్మదన్నారు గానీ నోరు మాత్రం రాకెట్టే." అన్నాక నాలిక కరుచుకున్నాడు. "సరదాకన్నానే."

"తెలుసులే."

మెట్ల మీద చెప్పుల చప్పుడు. అమ్మ దిగొచ్చింది, మోచేతుల దాకా ఉప్పునీళ్ళు. వెనకాలే నాన్న, సంచి భుజాన వేసుకుని మార్కెట్‌కి బయలుదేరుతూ.

"నర్సింగ్ కాలేజీ అప్లికేషన్ ఇవాళ పంపిస్తావుగా?" అంది అమ్మ.

"సోమవారం దాకా టైముందమ్మా."

"టైముందని కూర్చుంటే పని అక్కడే పడుంటుంది. ఆటకని ఏడాది అడిగావు, ఇచ్చాం. బూసాన్ వెళ్ళావు, వచ్చావు. ఇంకేం మిగిలింది? ఏమండీ, మీరైనా ఓ మాట చెప్పరేం?"

నాన్న చెప్పులు తొడుక్కుంటూ నేల చూపులు చూశాడు. "దాని ఇష్టం. నేనెప్పుడైనా బలవంతం చేశానా?"

నిజమే, ఎప్పుడూ చేయలేదు. కిందటి చలికాలం అమ్మ ఇంట్లో గిన్నెలు విసిరినంత పని చేసినప్పుడు, "ఒక్క ఏడాదే మిజుంగ్, దాని చేతిలో విద్య ఉంది" అని అడ్డం నిలబడ్డది నాన్నే. ఆ మాట హేసోల్ ఎన్నోసార్లు మనసులో తీసి చూసుకునేది, పండక్కి దాచుకున్న బట్టలు తీసి చూసుకున్నట్టు.

"వస్తూ ఉల్లికాడలు తేవడం మర్చిపోకండి" అని అమ్మ పైకి వెళ్ళిపోయింది. నాన్న కూతురి తల మీద చెయ్యి వేసి దిగిపోయాడు.

కౌంటర్ మీద ఫోన్ మోగింది. డీలర్ నామ్.

"ఓనర్ గారున్నారామ్మా?"

"మార్కెట్‌కి వెళ్ళారు మావయ్యా. ఏంటి సంగతి?"

"అదేనమ్మా, తెల్ల మౌస్‌ల మాట. ఊఁ అంటారా, ఊహూఁ అంటారా? వేరే సెంటర్ల వాళ్ళు ఎగరేసుకుపోతున్నారు. మీ నాన్న ఫోనెత్తితే 'అమ్మాయి ఇంకా చెప్పలేదు' అంటారు. ఏం తల్లీ, అంత కష్టంగా ఉందా? రెండిటిలోనూ అదే ఇబ్బందా?"

"రెండేంటి మావయ్యా?"

"జత ఇచ్చాగా! ఒకటి తేడాగా ఉన్నా రెండోదానితో పోల్చి చూసుకుంటారని నేనెప్పుడూ రెండేసి ఇస్తా. ఈ చవకరకంలో వందలో ఒకటి పుట్టు లోపంతో వస్తుంది, తెలుసుగా."

హేసోల్ ఫోన్ పెట్టేసింది. పుట్టు లోపం! ఆ మాట చెవిలో తియ్యగా మోగింది. అయితే లోపం మౌస్‌దే అయ్యుండొచ్చు. ఇంత చిన్న సంగతి తనకెందుకు తట్టలేదు? నాన్న రెండోది ఎక్కడో పెట్టి మర్చిపోయుంటాడు. కౌంటర్ కింద సొరుగులు లాగింది. పాత కీబోర్డులు, వైర్ల చుట్టలు, వాటన్నిటి అడుగున గుడ్డలో చుట్టిన పెట్టె. సీలు కూడా తీయలేదు.

మర్చిపోయినవాడు గుడ్డలో ఎందుకు చుడతాడన్న ప్రశ్న ఒక్క క్షణం తలెత్తింది. దాన్ని పక్కకి నెట్టేసింది.

తన సీట్లో కొత్తది తగిలించి, గురి నేర్చుకునే చిన్న ఆట తెరిచింది. తెర మీద చుక్కలు పుడుతుంటాయి. కనపడగానే కొట్టాలి. మొదటి చుక్క కనపడింది. కొట్టాలనుకుంది. కొట్టేసి ఉంది.

ఆమె చెయ్యి ఆగిపోయింది. మళ్ళీ మొదలుపెట్టింది. అనుకోవడానికీ జరగడానికీ మధ్య ఇన్ని వారాలుగా ఒక పల్చటి తెర ఉండేది, తడిబట్టలాంటిది. ప్రతి క్లిక్కూ దానికి తగిలి అవతలికి వెళ్ళేది. ఇప్పుడది లేదు. మనసూ వేలూ ఒకటే. ఈ చెయ్యి తనకి తెలుసు. ఇది తన చెయ్యే. ఎక్కడికీ పోలేదు.

"కిల్సన్నా, ఒక్కసారి ఇటు రా. ఇదీ, ఇదీ ఆడి చూడు. రెండూ ఒకటేనా చెప్పు."

కిల్సు నోట్లో నూడుల్స్‌తోనే వచ్చాడు. కొత్తదానితో ఆడి తలూపాడు. పాతదానితో మొదలుపెట్టి నమలడం ఆపేశాడు.

"ఇదేంటి, బురదలో నడిచినట్టుంది?"

"లోపం కదూ?"

"లోపమైతే ఒకసారి ఆడుతుంది, ఒకసారి ఆడదు. ఇది ప్రతిసారీ అంతే ఆలస్యం. ఎవరో చేత్తో పెట్టినట్టుంది." మౌస్ తిరగేసి చూశాడు. "ఈ రకానికి కడుపులోనే చిన్న మెమరీ ఉంటుంది చెల్లాయ్. ఒకసారి సెట్టింగు పెడితే ఏ మెషీన్‌కి తగిలించినా అదే పట్టుకుని ఉంటుంది. కంపెనీ వాళ్ళ ప్రోగ్రాం తెరిచి చూడు."

ఆ ప్రోగ్రాం ఆమె ఎప్పుడూ తెరవలేదు. మౌస్ ఇచ్చిన రోజే నాన్న అన్నాడు, "దాన్ని మన మెషీన్లలో వెయ్యకు, వైరస్‌లు అంటిస్తుంది. అన్నీ నేను సరిచేశాగా" అని. ఆయన సరిచేసిన మౌస్‌ని మళ్ళీ సరిచూసుకోవాలని ఆమెకి పుట్టి బుద్ధెరిగాక తట్టలేదు. అమ్మ వడ్డించిన అన్నంలో రాళ్ళున్నాయేమోనని ఎవరు వెతుక్కుంటారు? మొదటి వారమే అంది కూడా. "ఏదో ఆలస్యంగా ఉన్నట్టుంది నాన్నా." ఆయన నవ్వాడు. "కొత్త చెప్పులు కరవవూ? అలవాటు కావాలి." తను నమ్మింది. నమ్మి, తప్పు తన వేళ్ళలో వెతుక్కుంది.

ప్రోగ్రాం తెరుచుకుంది. కొత్త మౌస్‌లో క్లిక్ ఆలస్యం గీత సున్నా చివరన ఉంది. పాతదానిలో ఆ చివరన, ఇంక పోవడానికి చోటు లేనంత దూరంలో. ఆ సెట్టింగుకి పెట్టిన వాడు ఒక పేరు కూడా పెట్టాడు. నాన్న ప్రతి సెట్టింగుకీ పేరు పెడతాడు, అది ఆయన అలవాటు.

"మా హేసోల్ చెయ్యి" అని ఉంది.

కిల్సు అది చదివాడు. తన సీటుకి పోయి నూడుల్స్ గిన్నె ముందు కూర్చున్నాడు. తినలేదు.

హేసోల్ తనకి కోపం వస్తుందనుకుంది. రాలేదు. జ్ఞాపకాలన్నీ ఒక్కొక్కటే రంగు మారడం చూస్తూ కూర్చుంది. బస్ స్టాండ్‌లో తన సంచీ సర్దిన నాన్న. "మౌస్ పెట్టుకున్నావా?" అని రెండుసార్లు అడిగిన నాన్న. ఓడి వచ్చిన రోజు, మాట్లాడకుండా నూడుల్స్‌లో గుడ్డు కొట్టి పెట్టిన నాన్న. చేదు ఎక్కడుందంటే, ఆ ప్రేమలో ఒక్కటీ అబద్ధం కాదు. అబద్ధమే అయితే ఊసిపారేసేది.

దోంగ్‌పిల్ ఉల్లికాడల కట్టతో లోపలికి వచ్చాడు. కూతురి ముందు రెండు తెల్ల మౌస్‌లు పక్కపక్కన ఉండడం చూశాడు. కట్ట కౌంటర్ మీద పెట్టడం మర్చిపోయి చేత్తోనే పట్టుకుని నిలబడ్డాడు.

"నాన్నా, ఇది నువ్వే పెట్టావా?"

"ఏది తల్లీ?"

"మళ్ళీ 'ఏది' అనకు. ఇంకొక్క అబద్ధం ఆడావంటే పైకి పోయి అమ్మని పిలుస్తాను."

ఆయన కుర్చీ కోసం వెనక్కి తడుముకున్నాడు. అక్కడ కుర్చీ లేదు. "నేనే పెట్టాను" అన్నాడు.

"ఎందుకు?"

"అంత తేడా వస్తుందనుకోలేదు. కాస్త వెనకపడతావు, నీకే విసుగొస్తుంది, నువ్వే వదిలేస్తావు అనుకున్నా."

"నేను వదల్లేదు నాన్నా. నా చెయ్యి పనికిరాదనుకున్నాను. నెల రోజులుగా దీన్ని చూసి అసహ్యపడుతున్నాను." కుడిచెయ్యి ఎత్తి చూపింది. "వద్దనాలనుకుంటే వద్దనొచ్చుగా! అమ్మ అనలేదూ?"

"నీ మొహం చూస్తూ వద్దనలేకపోయాను. నువ్వు అంత ఆశగా చూస్తే నా నోరు పెగల్లేదు."

"అందుకని వెనకనుంచి చెయ్యి విరిచావా?"

"హేసోల్!" ఆయన గొంతు లేచింది, సిగ్గు కోపమై లేచినట్టు. "నేను రోజూ ఇక్కడ కూర్చునేది దేన్ని చూస్తూ అనుకున్నావు? మెరికల్లాంటి కుర్రాళ్ళు. అందరికీ చేతిలో విద్య ఉందన్నారు. చదువు పోయింది, మణికట్టు పోయింది, వయసు పోయింది. కళ్ళముందే కనపడుతుంటే నా కూతుర్ని కూడా అలా..."

ఆయన చెయ్యి దానంతటదే మూల సీటు వైపు లేచింది. అప్పుడు గుర్తొచ్చింది ఆయనకి, ఆ సీట్లో మనిషి ఉన్నాడని.

కిల్సు నెమ్మదిగా లేచి, గిన్నె తీసుకొచ్చి కౌంటర్ మీద పెట్టాడు.

"నన్నే కదా బాబాయ్ అంటున్నావు? పర్లేదులే. మా అమ్మ కూడా అంటుంది, నువ్వు కాస్త మెత్తగా అన్నావు." పట్టీ సర్దుకున్నాడు. "కానీ ఒకటి. నేను ఓడిపోయానే, అది నేనే ఓడిపోయాను. నాకెవరూ ఓటమిని సెట్ చేసి చేతిలో పెట్టలేదు. పడుకునేటప్పుడు ఆ ఒక్క సంగతి కాస్త నిద్ర పట్టిస్తుంది. చెల్లాయికి నువ్వు అది కూడా లేకుండా చేశావు."

హెల్మెట్ తీసుకుని వెళ్ళిపోయాడు.

అరుపులకి అమ్మ దిగొచ్చింది. చేతికి ఇంకా క్యాబేజీ ఆకు అంటుకుని ఉంది. హేసోల్ రెండు ముక్కల్లో చెప్పింది. అమ్మ సంతోషిస్తుందని, పోనీ లోపలెక్కడో ఊరట పడుతుందని అనుకుంది. నర్సింగ్ కోసం పోరింది ఆవిడేగా. మిజుంగ్ మొగుడి వైపు చూసిన చూపు మాత్రం వేరేగా ఉంది.

"నేను దీంతో పొద్దూ మాపూ పోట్లాడాను. గయ్యాళినన్నారు. తండ్రి దేవుడు, తల్లి దయ్యం అన్నట్టు చూసింది నన్ను. పడ్డాను. ఎందుకంటే నేను కొడితే ఎదురుగా నిలబడి కొట్టాను. అది తిరిగి కొట్టింది. అది న్యాయం." ఆవిడ చేతికంటిన ఆకు దులిపేసింది. "మీరు దాని పక్కన నిలబడి చేశారు ఈ పని. అది మీతో పోట్లాడే వీలు కూడా లేకుండా. నాకు కావలసిందే జరిగినా సరే, ఇలా జరిగిందంటే నాకొద్దు."

"సరిచేద్దామనుకున్నాను మిజుంగ్" అన్నాడు ఆయన. ఉల్లికాడలు ఇంకా చేతిలోనే ఉన్నాయి, నలిగి వాసన వేస్తున్నాయి. "బూసాన్ నుంచి వచ్చి, కోచ్ అన్న మాట చెప్పిందే, ఆ రోజే. కానీ సరిచేస్తే తేడా దానికి తెలిసిపోతుంది. దాని చెయ్యి అలాంటిది. వెంటనే పట్టేస్తుంది." ఆ మాట అంటున్నప్పుడు ఆయన మొహంలో, అంత సిగ్గులోనూ, పాత గర్వం ఒక్క మెరుపు మెరిసింది. అది చూశాకే హేసోల్‌కి ఏడుపు వచ్చింది. నాన్నకి తన చెయ్యి తెలుసు. అందరికన్నా బాగా తెలుసు. తెలిసే చేశాడు.

ఎవరి మొహమూ చూడకుండా పైకి వెళ్ళిపోయింది.

మూడు రోజులు ఆ ఇంట్లో గిన్నెల చప్పుడు తప్ప మరో చప్పుడు లేదు. నాన్న గుమ్మం దగ్గర ఖరీదైన కొత్త మౌస్ పెట్టె ఒకటి పెట్టి పోయాడు. హేసోల్ దాన్ని తెరవకుండానే కౌంటర్ మీద తిరిగి పెట్టింది. పొద్దున్నే మౌస్‌లు తుడవడానికి వెళితే అవి అప్పటికే తుడిచి ఉండేవి. ఒక్కదాని మీదా మరక లేదు. ఆయన ఏ వేళప్పుడు లేచి తుడుస్తున్నాడో అడగలేదు.

శనివారం పొద్దున తన పాత తెల్ల మౌస్‌నే తీసుకుంది. ప్రోగ్రాం తెరిచి గీతని సున్నా చివరకి తనే లాగింది. "మా హేసోల్ చెయ్యి" అన్న పేరు తుడిచేయబోయి ఆగింది. పేరు అలాగే ఉంచింది.

అమ్మ దారిలో తినడానికి నాచు ఆకులో చుట్టిన అన్నం కట్టిచ్చింది. "గెలవాలని నేననను. నాకిష్టం లేని పని. తిని మాత్రం ఆడు" అంది.

బూసాన్‌లో ఆరుగురు ఆడారు. హేసోల్ ఆడింది. శత్రువు కనపడ్డాడు, కొట్టింది. తలుపు పక్కన నీడ కదిలింది, కొట్టింది. మధ్యలో తెర లేదు, బురద లేదు. మొదటి ఆట గెలిచింది. రెండోది ఓడింది. మూడో ఆటలో ఇల్సాన్ నుంచి వచ్చిన ఒక పొట్టి అమ్మాయి, హేసోల్ ఎటు వస్తుందో ముందే ఊహించి, గోడ వెనక నింపాదిగా కాచుకుని ఓడించింది. హేసోల్ వేగంగానే కొట్టింది. కానీ అవతలి పిల్ల ఆలోచన అక్కడికి ముందే చేరిపోయి ఉంది.

కోచ్‌కి ఆమె పోయిన నెల వచ్చినట్టు కూడా గుర్తులేదు. కాగితాలు తిరగేస్తూ, "చెయ్యి బాగానే ఉంది" అన్నాడు. "ఆటే ఇంకా పండలేదు. ఈసారికి ఆ ఇల్సాన్ అమ్మాయిని తీసుకుంటున్నాం."

ఆమె బయటికొచ్చి మెట్ల మీద కూర్చుంది. ఏడుస్తుందేమోనని పక్కనున్న కుర్రాడెవడో కాగితం రుమాలు ఇవ్వబోయాడు. ఆమె నవ్వుతోంది. చెయ్యి బాగానే ఉంది. తను ఓడిపోయింది. తనకన్నా బాగా ఆడిన మనిషి చేతిలో, తన తెలివి చాలక. ఎంత శుభ్రమైన ఓటమి! మొదటి ఓటమి ఎవరిదో ఇప్పటికీ తెలియదు, ఇంక ఎప్పటికీ తెలియదు. ఆ రోజు మంచి మౌస్ ఉంటే ఏమయ్యేదో ఏ దేవుడూ చెప్పలేడు. అది ఒక పన్ను ఊడినచోటులా ఉండిపోతుంది, నాలిక అటే పోతూ ఉంటుంది. కానీ ఇది తనది. దీన్ని ఇంటికి తీసుకెళ్ళవచ్చు.

సాయంత్రం జిన్జు బస్ స్టాండ్‌లో దిగేసరికి నాన్న స్తంభం పక్కన నిలబడి ఉన్నాడు. ఏ బస్సుకి వస్తుందో ఆమె చెప్పలేదు. ఎన్ని బస్సులు చూశాడో. దగ్గరికి రాలేదు. వెళ్ళిపోనూ లేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనివాడిలా సంచి పట్టీని నలుపుతున్నాడు.

ఆమె ఎదురుగా పోయి నిలబడింది.

"ఓడిపోయాను."

ఆయన తలెత్తి చూశాడు.

"నేనే ఓడిపోయాను నాన్నా. నువ్వు కాదు." ఆమె సంచిలోంచి తెల్ల మౌస్ తీసి, వైరు చుట్టచుట్టి ఆయన అరచేతిలో పెట్టింది. "నువ్వు అడగలేదుగా, ఎలా ఉందని. నేనే చెప్తున్నా. బరువు బాగుంది. చిన్న చేతికి సరిపోతుంది. చక్రం కాస్త గట్టి, వాడితే వదులవుతుంది. బటన్ అనుకోగానే పలుకుతుంది. ఈ డబ్బుకి ఇంతకన్నా మంచిది రాదు. సెంటర్‌కి తీసుకో. నామ్ మావయ్యకి ఫోన్ చెయ్యి."

దోంగ్‌పిల్ దాన్ని రెండు చేతులతో పట్టుకున్నాడు. భుజాలు కదలడం మొదలయ్యాయి. వచ్చేపోయే జనం మధ్య, ఏభై ఏళ్ళ మనిషి, నోరు మూసుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "నన్ను కొట్టు తల్లీ" అన్నాడు చివరికి. "ఏదైనా అను. ఇలా ఫోన్ చెయ్యమనకు."

"అంటాను. ఇంకా చాలా అంటాను. నీ మీద నాకు కోపం పోలేదు. ఎప్పుడు పోతుందో నాకే తెలియదు." ఆమె కళ్ళు తుడుచుకుంది. "కానీ ఎదురుగా నిలబడి అంటాను. నువ్వూ ఏదైనా ఉంటే ఎదురుగా నిలబడి అను. ఇప్పుడే అను."

ఆయన చొక్కా చేతితో మొహం తుడుచుకున్నాడు.

"నువ్వు ఆడటం నాకిష్టం లేదు" అన్నాడు. "భయం. చచ్చేంత భయం."

పుట్టాక మొదటిసారి నాన్న తనకి వద్దని చెప్పాడు. ఆ మాట విని ఇంత తేలికపడతానని ఆమె ఎప్పుడూ అనుకోలేదు.

"నాకు ఇష్టం" అంది. "అప్లికేషన్‌కి సోమవారం దాకా గడువుంది. రేపంతా కూర్చుని పోట్లాడుకుందాం. అమ్మని కూడా పిలుద్దాం, ఆవిడ లేకపోతే మనకి పోట్లాట చేతకాదు."

ఆయన ఏడుపులోనే నవ్వాడు. ఇద్దరూ నడక మొదలుపెట్టారు. కొంత దూరం పోయాక ఆయన మౌస్‌ని ముందుకు చాచి, అడగడానికి భయపడుతూ అడిగాడు.

"కొత్తవి వచ్చాక... సెట్టింగులూ..."

"సెట్టింగులు నేను పెడతాను. వైర్లు నువ్వు కట్టు."

"సరే" అన్నాడు దోంగ్‌పిల్. "వైర్లు నేను కడతాను." వెలుతురు తగ్గిన ఆ వీధిలో, కూతురి మౌస్ వైరు ఎక్కడైనా నలిగిందేమోనని వేళ్ళతో తడిమి చూసుకుంటూ, ఆమెకన్నా ఒక అడుగు వెనకగా నడిచాడు.